యూనిట్ – 14 : వైరస్ వ్యాధుల తర్వాత మెదడు – కణ వార్ధక్యం, సంజ్ఞానాత్మక ఆరోగ్యం

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 పరిచయం
14.2 కణం ఎలా ముసలిదవుతుంది?
14.3 విభజన చెందని నాడీకణం – ఒక చిక్కుప్రశ్న
14.4 వైరస్ ప్రభావం మెదడును చేరే దారులు
14.5 మనుషులపై జరిగిన అధ్యయనాలు
14.6 సగటు వేరు, వ్యక్తి వేరు
14.7 టీకా తేదీ చెప్పిన సాక్ష్యం
14.8 కోలుకోవడం – మనం చేయగలిగినవి
14.9 సారాంశం
14.10 ముఖ్య పదాలు
14.11 మీ ప్రగతిని పరిశీలించుకోండి – జవాబులు
14.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తర్వాత మీరు:

• కణ వార్ధక్యం అంటే ఏమిటో, అది కణ మరణం కంటే ఎలా భిన్నమైనదో వివరించగలుగుతారు.
• నాడీకణాలు విభజన చెందకపోయినా కణ వార్ధక్యం మెదడును ఎలా దెబ్బతీస్తుందో తెలపగలుగుతారు.
• వైరస్ ప్రభావం మెదడును చేరే మూడు దారులను ఉదాహరణలతో చర్చించగలుగుతారు.
• ఒక ఆరోగ్య అధ్యయనం ఫలితాన్ని చదివి, దాని బలాన్ని, పరిమితిని అంచనా వేయగలుగుతారు.
• వ్యాధి తర్వాత వచ్చే మతిమరుపులో సరిదిద్దగల కారణాలను గుర్తించగలుగుతారు.

14.1 పరిచయం

"జ్వరం తగ్గింది గానీ మనిషి మునుపటిలా లేడు" అనే మాట మన ఇళ్లలో కొత్తది కాదు. ఫ్లూ, డెంగీ, చికున్‌గున్యా వంటి వ్యాధులు తగ్గాక కొన్ని వారాలపాటు నీరసంగా ఉండటం, మాట మధ్యలో పదం తట్టకపోవడం, లెక్క తప్పడం చాలామందికి అనుభవమే. కోవిడ్-19 తర్వాత ఈ ఫిర్యాదు ప్రపంచమంతటా ఒకేసారి వినిపించడంతో శాస్త్రజ్ఞులు దీనిని పెద్ద ఎత్తున పరిశీలించడం మొదలుపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో దీర్ఘకాలిక కోవిడ్ స్థితికి ఒక నిర్వచనం ఇచ్చింది. దాని ప్రకారం లక్షణాలు సాధారణంగా వ్యాధి మొదలైన మూడు నెలలకు కనిపించాలి, కనీసం రెండు నెలలపాటు కొనసాగాలి, వేరే రోగ నిర్ధారణతో వివరించడానికి వీలుకానివై ఉండాలి. ఆ లక్షణాల్లో అలసట, ఆయాసంతోపాటు సంజ్ఞానాత్మక లోపం కూడా ఉంది.

సంజ్ఞానం అంటే తెలుసుకోవడం, గుర్తుంచుకోవడం, దృష్టి నిలపడం, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం వంటి మానసిక ప్రక్రియల సముదాయం. ఇవి సక్రమంగా సాగే స్థితినే సంజ్ఞానాత్మక ఆరోగ్యం అంటాం.

వ్యాధి తర్వాత మతిమరుపు కనిపించినప్పుడు మన చుట్టూ ఉన్నవారు సాధారణంగా రెండు మాటల్లో ఒకటి అంటారు. మొదటిది, "వయసు మీద పడింది, అంతే". రెండవది, "ఇక మతి పోయే జబ్బు వచ్చినట్టే". మొదటి మాట నమ్మితే చికిత్సతో సరిపోయే కారణం కూడా పట్టించుకోకుండా మిగిలిపోతుంది. రెండవ మాట నమ్మితే అనవసర భయం, అనవసర మందులు, చేతి డబ్బు ఖర్చు. ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ నలభై ఏళ్ల వయసులో డిగ్రీ చదువుతున్న విద్యార్థి "చదివింది నిలవడం లేదు, నాకు చదువు అబ్బదు" అని పుస్తకం మూసేయడం కూడా ఇలాంటి పొరపాటు అంచనా నుంచే రావచ్చు. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న వాస్తవం ఏమిటో తెలుసుకోవడమే ఈ యూనిట్ ఉద్దేశం. ముందుగా కణం నుంచి మొదలుపెడదాం.

14.2 కణం ఎలా ముసలిదవుతుంది?

14.2.1 హేఫ్లిక్ పరిమితి

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో శరీరం నుంచి వేరుచేసిన కణాలకు చావు లేదని శాస్త్రజ్ఞులు నమ్మేవారు. అలెక్సిస్ కారెల్ 1912లో కోడిపిల్ల గుండె కణజాలంతో మొదలుపెట్టిన వర్ధనం దశాబ్దాలపాటు కొనసాగిందని చెప్పడమే ఆ నమ్మకానికి ఆధారం. 1961లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ నమ్మకాన్ని సవాలు చేశారు. సాధారణ మానవ కణాలు ప్రయోగశాలలో దాదాపు 40 నుంచి 60 సార్లు విభజన చెంది, ఆ తర్వాత ఆగిపోతాయని వారు చూపారు. దీనినే హేఫ్లిక్ పరిమితి అంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. విభజన ఆగిన కణాలు వెంటనే చనిపోలేదు. చాలాకాలం బతికే ఉన్నాయి. బతికి ఉండీ శాశ్వతంగా విభజన మానేసిన ఈ స్థితినే కణ వార్ధక్యం అంటాం. ఈ యూనిట్‌లో అలాంటి కణాన్ని వృద్ధకణం అని పిలుస్తాం.

14.2.2 టెలోమియర్లు

కణం తాను ఎన్నిసార్లు విభజన చెందిందో ఎలా లెక్కపెట్టుకుంటుంది? జవాబు క్రోమోజోముల కొసల్లో ఉంది. మానవ క్రోమోజోముల చివర టి-టి-ఎ-జి-జి-జి అనే ఆరు అక్షరాల డి.ఎన్.ఎ. వరుస వేల సార్లు పునరావృతమవుతుంది. ఈ కొస భాగాలే టెలోమియర్లు.

చేనేత మగ్గాన్ని చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. పడుగు ఎంత పొడవున్నా, దాని చివరి కొంత భాగం నేతకు అందదు. అదేవిధంగా డి.ఎన్.ఎ. ప్రతికృతి జరిగే ప్రతిసారీ కొసన కొంత భాగం నకలు కాకుండా మిగిలిపోతుంది. ఒక్కొక్క విభజనలో సుమారు 50 నుంచి 200 జతల అక్షరాల మేర టెలోమియర్ పొట్టిదవుతుంది. అది మరీ పొట్టిదైనప్పుడు కణం దానిని డి.ఎన్.ఎ.కు కలిగిన దెబ్బగా గుర్తించి విభజన ఆపేస్తుంది. కొన్ని కణాల్లో టెలోమరేజ్ అనే ఎంజైము ఈ నష్టాన్ని పూడుస్తుంది. టెలోమియర్లు క్రోమోజోములను ఎలా కాపాడతాయో కనుగొన్నందుకు, టెలోమరేజ్‌ను కనుగొన్నందుకు ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

అయితే టెలోమియర్ పొట్టిదవడం ఒక్కటే కారణం కాదు. రేడియేషన్, ఆక్సిజన్ సంబంధిత హానికర అణువులు, వైరస్ దాడి వంటివి డి.ఎన్.ఎ.ను దెబ్బతీసినా కణం వార్ధక్యంలోకి వెళ్లగలదు. అంటే కణానికి వృద్ధాప్యం ఏళ్లు గడిచి మాత్రమే కాదు, దెబ్బ తగిలీ వస్తుంది. ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి. మిగిలిన యూనిట్ అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

14.2.3 వృద్ధకణం చేసే మేలు, కీడు

దెబ్బతిన్న కణం విభజన ఆపేయడం శరీరానికి మేలే. లేకపోతే అది క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంటుంది. గాయం మానడంలో కూడా వృద్ధకణాలు కొంతకాలం సహాయపడతాయి. ఆ తర్వాత రోగ నిరోధక వ్యవస్థ వాటిని తొలగిస్తుంది.

తొలగించడం ఆలస్యమైతే కీడు మొదలవుతుంది. వృద్ధకణం పని మానేసినా ఊరికే ఉండదు. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు ప్రక్రియను ప్రేరేపించే పదార్థాలను, చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించే ఎంజైములను నిరంతరం స్రవిస్తుంది. ఈ స్రావాల వల్ల పక్కనున్న ఆరోగ్యకరమైన కణాలు కూడా వార్ధక్యంలోకి జారగలవు. వయసు పెరిగేకొద్దీ రోగ నిరోధక వ్యవస్థ మందగించి, ఇలాంటి కణాలు పోగుపడతాయి.

14.3 విభజన చెందని నాడీకణం – ఒక చిక్కుప్రశ్న

ఇక్కడ ఆలోచించే విద్యార్థికి ఒక సందేహం రావాలి. మెదడులోని నాడీకణాలు దాదాపు అన్నీ మనం పుట్టకముందే ఏర్పడతాయి. ఆ తర్వాత అవి విభజన చెందవు. విభజనే లేనప్పుడు టెలోమియర్ పొట్టిదయ్యే ప్రశ్న లేదు. మరి కణ వార్ధక్యానికీ మెదడు పనితీరుకూ సంబంధం ఏమిటి?

జవాబులో రెండు భాగాలున్నాయి.

మొదటిది, మెదడు అంటే నాడీకణాలు మాత్రమే కాదు. మానవ మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. వాటికి తోడుగా దాదాపు అంతే సంఖ్యలో సహాయక కణాలు ఉన్నాయి. మైక్రోగ్లియా కణాలు మెదడులోని రోగ నిరోధక కాపలాదారులు, చెత్తను తొలగిస్తాయి. ఆస్ట్రోసైట్లు నాడీకణాలకు పోషణ అందిస్తాయి. ఆలిగోడెండ్రోసైట్లు నాడీతంతువుల చుట్టూ మయలిన్ అనే తొడుగును తయారుచేస్తాయి. సంకేతం వేగంగా ప్రయాణించడానికి ఆ తొడుగే ఆధారం. రక్తనాళాల లోపలి గోడను ఎండోథీలియల్ కణాలు కప్పి ఉంచుతాయి. మైక్రోగ్లియా, ఆస్ట్రోసైట్లు, ఎండోథీలియల్ కణాలు విభజన చెందగలవు, వార్ధక్యం పొందగలవు. శరీరం బరువులో సుమారు 2 శాతమే ఉండే మెదడు, శరీరం వాడే శక్తిలో దాదాపు 20 శాతం వాడుకుంటుంది. అందువల్ల ఈ పరివారం బలహీనపడితే నాడీకణం బాగున్నా దాని పని దెబ్బతింటుంది. పైరు ఆరోగ్యంగా ఉన్నా కాలువకు గండి పడితే పొలం ఎండినట్లే ఇదీ.

రెండవది, 14.2.2లో చెప్పుకొన్నట్లు, కణానికి దెబ్బ తగిలినా వార్ధక్య లక్షణాలు రావచ్చు. విభజన చెందని నాడీకణాల్లో సైతం ఇలాంటి లక్షణాలు కనిపించాయని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – I

1. కణ వార్ధక్యానికీ కణ మరణానికీ తేడా ఏమిటి?
2. టెలోమియర్ పొట్టిదవకుండానే కణం వార్ధక్యం పొందగలదా?
3. మెదడులో విభజన చెందగల సహాయక కణాలను రెండింటిని పేర్కొనండి.

14.4 వైరస్ ప్రభావం మెదడును చేరే దారులు

14.4.1 నేరుగా దాడి

కొన్ని వైరస్‌లు మెదడులోకి ప్రవేశించి నాడీకణాలకే సోకుతాయి. రేబిస్, మెదడువాపు కలిగించే హెర్పిస్ సింప్లెక్స్, జపనీస్ ఎన్‌కెఫలైటిస్ ఇందుకు ఉదాహరణలు. జపనీస్ ఎన్‌కెఫలైటిస్ తెలుగు నేలకు పరిచయమైన వ్యాధే. వరి మడుల నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమల ద్వారా, పందులు, నీటి పక్షుల నుంచి ఇది మనుషులకు, ముఖ్యంగా పిల్లలకు సోకుతుంది. మెదడువాపు వచ్చి బతికినవారిలో 30 నుంచి 50 శాతం మందికి శాశ్వతమైన నాడీ లేదా మానసిక లోపాలు మిగులుతాయి. ఇక్కడ కారణం, ఫలితం రెండూ స్పష్టంగా కనిపిస్తాయి.

14.4.2 దూరం నుంచి వాపు ప్రక్రియ

వైరస్ మెదడులోకి అడుగుపెట్టకుండానే మెదడు దెబ్బతినగలదు. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో ఎలుకల ఊపిరితిత్తులకు మాత్రమే కోవిడ్ వైరస్ సోకేలా చేశారు. వ్యాధి స్వల్పంగానే వచ్చింది. మెదడులో వైరస్ కనిపించలేదు. అయినా మైక్రోగ్లియా కణాలు ఉద్రేక స్థితికి చేరాయి, ఆలిగోడెండ్రోసైట్లు తగ్గాయి, జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాల తయారీ మందగించింది. ఊపిరితిత్తుల్లో మొదలైన వాపు ప్రక్రియ సంకేతాలు రక్తం ద్వారా మెదడును చేరాయన్నమాట.

జ్వర తీవ్రతలో వృద్ధులు సంధి ప్రేలాపన చేయడం మనం విన్నదే. శరీరంలో ఎక్కడో ఉన్న వ్యాధి ఆలోచనను తాత్కాలికంగా తారుమారు చేయగలదనడానికి అది కళ్లెదుట కనిపించే సాక్ష్యం.

14.4.3 రక్తనాళాల ద్వారా

మెదడు రక్తనాళాల గోడలు చాలా బిగువుగా ఉండి, రక్తంలోని అనేక పదార్థాలను లోపలికి రానివ్వవు. దీనిని రక్త–మెదడు అవరోధం అంటారు. ఆలోచన మసకబారినట్లున్న దీర్ఘకాలిక కోవిడ్ రోగుల్లో ఈ అవరోధం పలచబడి కారుతున్నట్లు ఐర్లండ్‌లోని డబ్లిన్ పరిశోధకులు 2024లో స్కానింగ్ ద్వారా చూపారు. మతిమరుపు లేని దీర్ఘకాలిక కోవిడ్ రోగుల్లో అది అంతగా కనిపించలేదు.

14.4.4 ఈ దారుల్లో కణ వార్ధక్యం పాత్ర

2021లో జర్మనీలోని బెర్లిన్ పరిశోధకులు వైరస్ సోకిన కణాలు వార్ధక్య స్థితికి చేరి, వాపు ప్రక్రియను పెంచే పదార్థాలను స్రవిస్తాయని చూపారు. దీనిని వైరస్ ప్రేరిత కణ వార్ధక్యం అన్నారు. 2023లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు, ప్రయోగశాలలో మూలకణాల నుంచి పెంచిన సూక్ష్మ మెదడు కణజాలానికి కోవిడ్ వైరస్ సోకించినప్పుడు వృద్ధకణాలు పెరిగాయనీ, వృద్ధకణాలను తొలగించే మందులతో తగ్గాయనీ తెలిపారు.

ఇది కోవిడ్‌కు మాత్రమే పరిమితం కాదు. డి.ఎన్.ఎ. మీద వయసుతోపాటు మారే రసాయన గుర్తులను లెక్కించి కణజాలం జీవసంబంధ వయసును అంచనా వేసే పద్ధతి ఒకటి ఉంది. 2015లో ఆ పద్ధతితో పరీక్షించినప్పుడు, హెచ్.ఐ.వి. సోకినవారి మెదడు కణజాలం అసలు వయసుకన్నా సగటున సుమారు 7 సంవత్సరాలు, రక్తం సుమారు 5 సంవత్సరాలు ముదిరినట్లు కనిపించింది.

ఈ సంబంధం రెండు వైపులా నడుస్తుందని కూడా గుర్తించాలి. వైరస్ వృద్ధకణాలను పెంచుతుంది. అప్పటికే వృద్ధకణాలు ఎక్కువగా ఉన్న శరీరంలో అదే వైరస్ మరింత హాని చేస్తుంది. 2021లో కరోనా కుటుంబానికి చెందిన వైరస్ సోకిన ముసలి ఎలుకలకు వృద్ధకణాలను తొలగించే మందు ఇచ్చినప్పుడు వాటిలో మరణాలు తగ్గాయి. ఒకే వైరస్ యువకుడిని మూడు రోజుల్లో వదిలి, అతని తాతయ్యను మూడు నెలలు పీడించడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

14.5 మనుషులపై జరిగిన అధ్యయనాలు

ఎలుకల్లో కనిపించిందల్లా మనుషుల్లో జరగాలని లేదు. అందువల్ల మూడు మానవ అధ్యయనాలను పోల్చి చూద్దాం. మూడూ బ్రిటన్‌లో జరిగినవే; ఒక్కొక్కదాని పద్ధతి వేరు.

పట్టిక 14.1 : మూడు అధ్యయనాల పోలిక

| ప్రచురణ సంవత్సరం | పాల్గొన్నవారు | పద్ధతి | ముఖ్య ఫలితం |
|---|---|---|---|
| 2022 | 51–81 ఏళ్ల 785 మంది. వారిలో 401 మందికి కోవిడ్ సోకింది | వ్యాధికి ముందు, తర్వాత మెదడు స్కానింగ్ | వాసన, జ్ఞాపకాలతో సంబంధం ఉన్న భాగాల్లో 0.2 నుంచి 2 శాతం అదనపు మార్పు |
| 2024 | 1,12,964 మంది వయోజనులు | ఒకసారి ఇంటర్నెట్ ద్వారా సంజ్ఞానాత్మక పరీక్ష | సోకినవారిలో సగటు స్కోరు తక్కువ |
| 2024 | 34 మంది యువ స్వచ్ఛంద సేవకులు. 18 మందికి వ్యాధి సోకింది | ఉద్దేశపూర్వకంగా వైరస్ ఇచ్చి, ముందు నుంచి ఏడాది వరకు పరీక్షలు | జ్ఞాపకం, ప్రణాళికా సామర్థ్యంలో చిన్న తగ్గుదల |

మొదటి అధ్యయనం బలం దాని అదృష్టంలో ఉంది. కోవిడ్ రాకముందే యు.కె. బయోబ్యాంక్ అనే సంస్థ వేలమంది మెదళ్లను ఎం.ఆర్.ఐ. తీసి ఉంచింది. కాబట్టి "ముందు" చిత్రం సిద్ధంగా ఉంది. సోకిన 401 మందిలో ఆస్పత్రిలో చేరినవారు 15 మంది మాత్రమే. వారిని తీసేసి లెక్కించినా తేడా మిగిలింది. అంటే స్వల్ప వ్యాధికి కూడా కొలవదగిన గుర్తు ఉండవచ్చు.

రెండవ అధ్యయనం బలం సంఖ్య. బలహీనత ఏమిటంటే, వ్యాధికి ముందు అదే వ్యక్తుల స్కోరు తెలియదు.

మూడవ అధ్యయనంలో సంఖ్య చాలా చిన్నది. కానీ వైరస్ ఇచ్చిన రోజు తెలుసు, ముందరి స్కోరు తెలుసు. ఇందులో ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. స్కోరు తగ్గినవారిలో ఎవరూ తమకు జ్ఞాపకశక్తి తగ్గిందని చెప్పలేదు. పరీక్షకు అందే మార్పు, మనిషికి తెలిసే మార్పు ఒకటి కావని ఇది చెబుతోంది.

ఒక్కొక్క అధ్యయనంలో ఒక లోపం ఉన్నా, వేర్వేరు పద్ధతులు ఒకే దిశను చూపినప్పుడు నమ్మకం పెరుగుతుంది. సాక్ష్యాన్ని ఇలా తూచడం విజ్ఞానశాస్త్ర విద్యార్థికి తప్పనిసరి అలవాటు.

14.6 సగటు వేరు, వ్యక్తి వేరు

2024 నాటి పెద్ద అధ్యయనం ఫలితాన్ని పత్రికలు "కోవిడ్‌తో ఐ.క్యూ. 3 పాయింట్లు తగ్గుతుంది" అని రాశాయి. ఈ వాక్యాన్ని మనం జాగ్రత్తగా విప్పి చూద్దాం.

ఐ.క్యూ. కొలమానంలో సగటు 100, ప్రామాణిక విచలనం 15. వ్యాధి పూర్తిగా తగ్గినవారి సగటు స్కోరు, సోకనివారి కంటే ప్రామాణిక విచలనంలో సుమారు 0.2 వంతు తక్కువగా ఉంది.

15 × 0.2 = 3

లక్షణాలు ఇంకా కొనసాగుతున్నవారిలో తేడా సుమారు 6 పాయింట్లు, ఇంటెన్సివ్ కేర్‌లో చికిత్స పొందినవారిలో సుమారు 9 పాయింట్లు. వ్యాధి తీవ్రత పెరిగేకొద్దీ తేడా పెరగడం కారణ సంబంధానికి బలం చేకూరుస్తుంది.

అయితే ఇది గుంపు సగటు. ప్రతి వ్యక్తికీ 3 పాయింట్లు తగ్గాయని దీని అర్థం కాదు. కొందరిలో ఏ తేడా లేకపోవచ్చు, కొందరిలో ఎక్కువ ఉండవచ్చు. నిద్ర చాలని రోజున కూడా మన స్కోరు మారుతుంది. ఇదే అధ్యయనంలో ఊరటనిచ్చే అంశాలు మూడు ఉన్నాయి. మొదటిది, తొలినాటి వైరస్ రకాల కంటే తర్వాతి రకాలు సోకినవారిలో తేడా తక్కువ. రెండవది, రెండు లేదా అంతకంటే ఎక్కువ టీకా మోతాదులు తీసుకున్నవారి స్కోరు కొంచెం మెరుగు. మూడవది, చాలాకాలం లక్షణాలతో బాధపడినా చివరకు అవి పూర్తిగా తగ్గినవారి స్కోరు, త్వరగా తగ్గినవారి స్కోరుకు దగ్గరగానే ఉంది. అంటే కోలుకోవడానికి ఆలస్యం కావడం, కోలుకోకపోవడం ఒకటి కావు.

మరొక భేదాన్ని కూడా గుర్తుంచుకోండి. సంజ్ఞానాత్మక స్కోరు కొద్దిగా తగ్గడం డిమెన్షియా కాదు. రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేనంతగా జ్ఞాపకం, ఆలోచన క్షీణించి, అది క్రమంగా పెరుగుతూ పోయే స్థితినే సాధారణంగా డిమెన్షియా అంటారు. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం వేరు. తాళంచెవి దేనికి వాడతామో తెలియకపోవడం వేరు.

14.7 టీకా తేదీ చెప్పిన సాక్ష్యం

వైరస్‌కూ డిమెన్షియాకూ సంబంధం ఉందో లేదో పరీక్షించడం కష్టం. కొందరికి వైరస్ సోకించి ముప్పై ఏళ్లు వేచి చూడటం సాధ్యం కాదు, న్యాయమూ కాదు. కానీ బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో ప్రభుత్వం పెట్టిన ఒక నిబంధన అనుకోకుండా ఆ ప్రయోగాన్ని చేసిపెట్టింది.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవారి నాడుల్లో ఆ వైరస్ జీవితాంతం నిద్రాణంగా ఉంటుంది. వయసు మీరాక అది మేల్కొంటే సర్పి వస్తుంది. వేల్స్‌లో 2013 సెప్టెంబరు 1న వృద్ధులకు సర్పి టీకా ఇవ్వడం మొదలుపెట్టారు. 1933 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవారు అర్హులు. అంతకుముందు పుట్టినవారు ఎన్నటికీ అనర్హులు. తేదీకి వారం ముందు పుట్టినవారికీ, వారం తర్వాత పుట్టినవారికీ చదువులో, ఆహారంలో, ఆరోగ్యంలో తేడా ఉండటానికి కారణం లేదు. తేడా అంతా టీకాలోనే. అర్హత లేనివారిలో దాదాపు ఎవరూ టీకా తీసుకోలేదు. అర్హులైనవారిలో దాదాపు 47 శాతం తీసుకున్నారు.

ఏడేళ్ల వైద్య రికార్డులను పరిశీలించగా, టీకా తీసుకున్నవారిలో కొత్తగా డిమెన్షియా నిర్ధారణ కావడం సుమారు 20 శాతం తగ్గింది. శాతపు బిందువుల్లో చెప్పాలంటే 3.5 తగ్గింది. ఈ ఫలితం 2025లో వెలువడింది. రక్షణ స్త్రీలలో ఎక్కువగా కనిపించింది. టీకా నిద్రాణ వైరస్‌ను అదుపులో ఉంచి మెదడును కాపాడిందా, లేక రోగ నిరోధక వ్యవస్థనే మరో విధంగా మార్చిందా అన్నది ఇంకా తేలవలసి ఉంది. ఏమైనా వైరస్‌ల నుంచి రక్షణ మెదడుకు కూడా రక్షణ కావచ్చుననడానికి ఇది బలమైన ఆధారం.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – II

4. ఊపిరితిత్తులకే పరిమితమైన వైరస్ మెదడును ఎలా ప్రభావితం చేస్తుంది?
5. ఒక గుంపు స్కోరు ప్రామాణిక విచలనంలో 0.4 వంతు తక్కువగా ఉంటే, ఐ.క్యూ. కొలమానంలో ఎన్ని పాయింట్లు?
6. వేల్స్ అధ్యయనంలో పుట్టిన తేదీ ఎందుకు ముఖ్యమైంది?

14.8 కోలుకోవడం – మనం చేయగలిగినవి

14.8.1 ముందుగా సరిదిద్దగల కారణాలు

వ్యాధి తర్వాత మతిమరుపు కనిపించినంత మాత్రాన కారణం వైరసే అనుకోకూడదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ హార్మోన్ తక్కువ కావడం, రక్తహీనత, అదుపులో లేని మధుమేహం, నిద్రలేమి, కుంగుబాటు, వినికిడి తగ్గడం, కొన్ని నిద్రమాత్రలు, అలెర్జీ మందులు కూడా ఇదే లక్షణాన్ని కలిగిస్తాయి. వీటిలో చాలావాటిని మామూలు రక్త పరీక్షలతో, డాక్టర్‌తో వివరంగా మాట్లాడటంతో గుర్తించవచ్చు. గుర్తిస్తే చికిత్స ఉంది. "వయసు మీద పడింది" అని వదిలేస్తే నష్టపోయేది ఈ అవకాశాన్నే.

హఠాత్తుగా అయోమయం, మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒకవైపు చేయి లేదా కాలు పట్టు తప్పడం మాత్రం వేచి చూడవలసినవి కావు. అవి పక్షవాత సూచనలు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

14.8.2 సంజ్ఞానాత్మక నిల్వ

ఒకే పరిమాణంలో దెబ్బతిన్న రెండు మెదళ్లు ఒకే విధంగా పనిచేయవు. చదువు, వృత్తి, మనుషులతో మెలగడం వంటి అనుభవాల వల్ల మెదడు ప్రత్యామ్నాయ మార్గాలను సమకూర్చుకుంటుంది. దీనిని సంజ్ఞానాత్మక నిల్వ అంటారు. హైదరాబాద్‌లోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించిన అధ్యయనం 2013లో వెలువడింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా లక్షణాలు ఒకే భాష మాట్లాడేవారి కంటే సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలయ్యాయి. అసలు బడికి వెళ్లనివారిలో సైతం ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసి వినిపించే నగరంలో బజారులో మాట్లాడే రెండో భాష కూడా మెదడుకు వ్యాయామమేనని ఇది సూచిస్తోంది. అయితే ఇది పరిశీలనాత్మక అధ్యయనం. కారణాన్ని నిరూపించినట్లు చెప్పలేం.

14.8.3 మార్చగల ముప్పులు

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్లు 2023లో వెలువడిన జాతీయ అంచనా. అదే సమయంలో, 14 మార్చగల కారణాలపై శ్రద్ధ పెడితే ప్రపంచంలోని డిమెన్షియాలో సుమారు 45 శాతాన్ని సిద్ధాంతరీత్యా నివారించడానికి లేదా ఆలస్యం చేయడానికి వీలుందని లాన్సెట్ నిపుణుల సంఘం 2024లో తెలిపింది. అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, వ్యాయామ లోపం, వినికిడి లోపం, చూపు తగ్గడం, ఒంటరితనం, గాలి కాలుష్యం, బాల్యంలో చదువు లేకపోవడం వాటిలో కొన్ని. ఫిన్లాండ్‌లో 60–77 ఏళ్ల 1,260 మందిపై రెండేళ్లు జరిగిన ప్రయోగంలో ఆహారం, వ్యాయామం, మెదడుకు సాధన, రక్తపోటు వంటివాటి పర్యవేక్షణ కలిపి అమలుచేసినప్పుడు సంజ్ఞానాత్మక స్కోరు మెరుగుపడింది.

వృద్ధకణాలను తొలగించే మందులు మనుషుల్లో ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయి. "వయసును వెనక్కి తిప్పుతాం" అని అమ్మే మాత్రలకు ప్రయోగశాల ఫలితాలు పూచీకత్తు కావు.

14.8.4 చదువుకునే మీకు

ఇటీవల వైరస్ వ్యాధి నుంచి కోలుకుని, చదివింది నిలవడం లేదని మీకు అనిపిస్తే పనిభారాన్ని పంచుకోండి. ఒకే విడత మూడు గంటలు కూర్చోవడం కంటే అరగంట చొప్పున చదివి విరామం తీసుకోవడం మంచిది. చదివిన దానిని పుస్తకం మూసి సొంత మాటల్లో రాయండి. రెండు రోజులకు, వారానికి మళ్లీ గుర్తుచేసుకోండి. రాత్రి నిద్రను తగ్గించి చదవకండి; జ్ఞాపకం స్థిరపడేది నిద్రలోనే. శ్రమించిన మర్నాడు నీరసం బాగా పెరుగుతూ ఉంటే వ్యాయామాన్ని బలవంతంగా పెంచకుండా డాక్టర్ సలహా తీసుకోండి. ఇబ్బంది మూడు నెలలు దాటినా, ఉద్యోగానికో ఇంటి పనికో అడ్డుపడుతున్నా పరీక్ష చేయించుకోండి.

14.9 సారాంశం

కణ వార్ధక్యం అంటే కణం బతికి ఉండి, శాశ్వతంగా విభజన ఆపేసిన స్థితి. టెలోమియర్లు పొట్టిదవడం వల్లనే కాక, వైరస్ వంటి దెబ్బల వల్ల కూడా అది రావచ్చు. వృద్ధకణాల స్రావాలు వాపు ప్రక్రియను పెంచి, మెదడులోని సహాయక కణాలను, రక్తనాళాలను బలహీనపరచగలవు. నేరుగా దాడి, దూరం నుంచి వాపు ప్రక్రియ, రక్తనాళాల నష్టం అనే మూడు దారుల్లో వైరస్ ప్రభావం మెదడును చేరుతుంది. కోవిడ్ తర్వాత సగటు సంజ్ఞానాత్మక స్కోరు తగ్గినట్లు వేర్వేరు పద్ధతుల అధ్యయనాలు చూపాయి. అది సగటే తప్ప ప్రతి వ్యక్తి జాతకం కాదు. వ్యాధి తర్వాత మతిమరుపు ఊహ కాదు, దానికి కణస్థాయి ఆధారం ఉంది. అలాగని అది తిరుగులేని తీర్పు కూడా కాదు. కారణాన్ని వెతకడం, టీకాలు, రక్తపోటు–మధుమేహాల అదుపు, నిద్ర, చదువు, మనుషులతో మాట మన చేతిలో ఉన్నాయి.

14.10 ముఖ్య పదాలు

కణ వార్ధక్యం : కణం బతికి ఉండి శాశ్వతంగా విభజన ఆపేసిన స్థితి.
టెలోమియర్ : క్రోమోజోమ్ చివర ఉండే పునరావృత డి.ఎన్.ఎ. భాగం.
మైక్రోగ్లియా : మెదడులోని రోగ నిరోధక కణాలు.
రక్త–మెదడు అవరోధం : రక్తంలోని పదార్థాలు మెదడులోకి స్వేచ్ఛగా వెళ్లకుండా ఆపే రక్తనాళ గోడల ఏర్పాటు.
సంజ్ఞానాత్మక నిల్వ : నష్టం జరిగినా పనితీరును నిలుపుకోగల మెదడు సామర్థ్యం.

14.11 మీ ప్రగతిని పరిశీలించుకోండి – జవాబులు

1. వార్ధక్యంలో కణం బతికే ఉంటుంది, విభజన ఆపుతుంది, పదార్థాలను స్రవిస్తుంది. మరణంలో కణం నశిస్తుంది.
2. పొందగలదు. వైరస్, రేడియేషన్ వంటివి డి.ఎన్.ఎ.ను దెబ్బతీసినా వార్ధక్యం వస్తుంది.
3. మైక్రోగ్లియా, ఆస్ట్రోసైట్లు.
4. వాపు ప్రక్రియ సంకేతాలు రక్తం ద్వారా మెదడును చేరి మైక్రోగ్లియాను ఉద్రేకపరుస్తాయి.
5. 15 × 0.4 = 6 పాయింట్లు.
6. తేదీకి ఇరువైపులా పుట్టినవారు మిగిలిన అన్ని విషయాల్లో ఒకేలాంటివారు. తేడా టీకా అర్హతలోనే ఉంది.

14.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సుమారు 30 పంక్తుల్లో జవాబు రాయండి.
1. కణ వార్ధక్యాన్ని నిర్వచించి, వైరస్ వ్యాధుల తర్వాత మెదడు పనితీరులో దాని పాత్రను చర్చించండి.
2. పట్టిక 14.1లోని మూడు అధ్యయనాల బలాలను, పరిమితులను పోల్చండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సుమారు 10 పంక్తుల్లో జవాబు రాయండి.
1. హేఫ్లిక్ పరిమితిని వివరించండి.
2. సంజ్ఞానాత్మక నిల్వపై హైదరాబాద్ అధ్యయనం ఏం తెలిపింది?
3. మీ ఇంట్లో ఒక పెద్దవారు జ్వరం తగ్గాక మతిమరుపుతో బాధపడుతున్నారు. ఈ యూనిట్ ఆధారంగా మీరు తీసుకునే చర్యలను వరుసగా రాసి, ఒక్కొక్కదానికి కారణం చెప్పండి.